బడికి పోతానంటున్న మనవరాలు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుని ప్రసంగ పాఠం - బంగారుపాళ్యం)



ఈ రోజు మనకు పండుగ రోజు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది సర్కారు దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. దాని మీద నాకంటె బాగా మాట్లాడగలవారు ఈ సభలో ఉన్నారు. డి.ఏ. బకాయిల మీద మాట్లాడగలవారు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం వేరు. కాలేజీలో చదివే పిల్లలు కొందరు బడిలో ఇంటర్న్‌షిప్ చేస్తామంటున్నారు. ఎందుకంటున్నారు? అన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళం ఏమి చేయాలి? ఇదీ అంశం. నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. అరగంట తీసుకుంటానని వారికీ తెలుసు.

ఇంటర్న్‌షిప్ అనే మాట మన సర్వీసు రిజిస్టర్లలో లేదు. మనకు ట్రైనింగు ఉండేది, ప్రొబేషన్ ఉండేది. ఉపాధ్యాయులకైతే టీచింగ్ ప్రాక్టీసు ఉండేది. లెసన్ ప్లాన్ రాసుకొని, చార్టు చంకలో పెట్టుకొని, వెనక బెంచీలో ట్రైనింగు మాస్టారు నోట్‌బుక్కు తెరిచి కూర్చొని ఉంటే, ముందు నలభైమంది పిల్లలకు పాఠం చెప్పేవాళ్ళం. క్రిటిసిజం లెసన్ అంటే ఈ సభలో ఇప్పటికీ కొందరికి నాలుక తడారుతుంది. కాని అదంతా ఉపాధ్యాయుడు కావాలని ముందే నిశ్చయించుకొని ట్రైనింగులో చేరినవాడికి. ఇప్పుడూ అది ఉంది, పెరిగింది కూడా. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో తెచ్చిన నిబంధనలతో బి.ఇడి. రెండేళ్ళయింది. రెండో ఏట పదహారు వారాలు బడిలోనే గడపాలి.

నేను చెప్పబోయేది ఆ పిల్లల గురించి కాదు. మామూలు డిగ్రీ పిల్లల గురించి. మన రాష్ట్రంలో 2020-21లో డిగ్రీలో చేరిన బ్యాచి నుంచి మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయినాక ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. రెండో ఏడాది అయినాక చిన్న ఇంటర్న్‌షిప్. చివరి ఏట ఒక సెమిస్టరు మొత్తం. బ్యాంకులో చేయవచ్చు, ఫ్యాక్టరీలో చేయవచ్చు, ఆడిటరు దగ్గర చేయవచ్చు. బడిలోనూ చేయవచ్చు. డబ్బు కడితే చాలు, ఇంట్లో కూర్చున్నా సర్టిఫికెట్ పంపిస్తామని కొన్ని సంస్థలు పిల్లల ఫోన్లలోకి వచ్చి పడుతున్నాయి. వాటి పేర్లు మనకు అవసరం లేదు. ఆ పని మటుకు మన పిల్లలచేత చేయించకండి.

ఇక మనిషి సంగతికి వస్తాను. మన సభ్యులలో ఒకరి మనవరాలు చిత్తూరులో బి.ఎస్సీ. చివరి సంవత్సరం చదువుతోంది. రోజూ ఇక్కడ నుంచి బస్సులో పోయి వస్తుంది. పేరు చెప్పనని మాట ఇచ్చాను కాబట్టి, తెలిసినవారు కూడా పక్కవారికి చెప్పవద్దు. ఈ చివరి సెమిస్టరు ఊరికి దగ్గరలో ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో చేస్తానని ఆ పిల్ల పట్టుపట్టింది. ఇంట్లో ఒప్పుకోలేదు. కాలేజీవారు, ‘ఈ చోటును ఎందుకు ఎంచుకున్నావో’ ఒక పేజీ రాసి ఇమ్మన్నారట. దాన్ని దిద్దిపెట్టమని నా దగ్గరికి తెచ్చింది.

చదివాను. జాతి నిర్మాణం, నవసమాజం, నేటి బాలలే రేపటి పౌరులు - అన్నీ ఉన్నాయి. అక్షర దోషం ఒక్కటి లేదు. ‘బాగుంది పాపా, ఏ వ్యాసరచన పోటీకైనా పంపొచ్చు. నువ్వు నిజంగా ఎందుకు పోతా ఉండావో ఇందులో ఏ లైన్లో ఉండాది?’ అన్నాను. నవ్వింది. ‘నిజం రాస్తే మార్కులెయ్యరు తాతా’ అంది. ‘నాకు చెప్పు. నేను మార్కులెయ్యడం మానేసి చాలా ఏళ్ళయింది’ అన్నాను. ఆ పూటా, తరువాత రెండు మూడు సార్లు వచ్చినప్పుడూ ఆమె చెప్పినవి, ఆమె అనుమతితోనే మీ ముందు పెడుతున్నాను.

మొదట చెప్పింది బస్సు సంగతి. బడి నడిచిపోయేంత దూరం. బెంగుళూరు కంపెనీలో అయితే హాస్టలు, భోజనం ఖర్చు. తల్లికి మోకాళ్ళ నొప్పులు, ఇంట్లో ఇంకో చేయి కావాలి. ఇది చెప్పేటప్పుడు ఆ పిల్ల తల వంచుకుంది, ఇదేదో తప్పు కారణమైనట్లు. నాకు తప్పుగా తోచలేదు. ఇంటికి దగ్గరగా పోస్టింగు కావాలని డి.ఇ.ఓ. ఆఫీసు చుట్టూ మనం తిరిగినన్ని సార్లు ఎవరూ తిరిగి ఉండరు.

రెండోది, సర్కారు ఉద్యోగం. టీచరు కావాలని మనసులో ఉంది. ఇక్కడ ఆమెకు ఒక భ్రమ ఉండేది. బడిలో ఇంటర్న్‌షిప్ చేస్తే డి.ఎస్సీ.లో ఏదో లెక్కలోకి వస్తుందనుకుంది. రాదు. ముందు బి.ఇడి. గాని డి.ఇడి. గాని ఉండాలి, టెట్ పాసవ్వాలి, ఆపైన డి.ఎస్సీ. రాయాలి. 2025లో జరిగిన మెగా డి.ఎస్సీ.లో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఇచ్చారు, మిగిలిన 80 శాతం పరీక్షది. డిగ్రీలో బడికి పోయి వచ్చినదానికి సున్న. ఈ మాట నేనే చెప్పాను. ఆమె కాసేపు గమ్మున ఉండి, ‘అయినా పోతాను’ అంది. ఆ ‘అయినా’ విన్న తరువాతే నేను ఈ విషయాన్ని కాస్త గట్టిగా పట్టించుకున్నాను.

మూడోది చెప్పడానికి ఆమె మూడోసారి రావలసి వచ్చింది. మొదటి ఏడాది సర్వేకు ఒక పల్లెకు పోయిందట. ఒక ఇంట్లో తల్లిని వివరాలు అడుగుతూ ఉంటే, ఆమె తన కొడుకును చూపించి, ‘వాడు అయిదు చదవతా ఉండాడు, వాణ్ణడుగు, అంతా చదవతాడు’ అంది. వాడు తెలుగు వాచకం తెచ్చి, ఒక పేజీ తీసి, వేలు పెట్టి గడగడ చదివాడు. తల్లి ముఖం వెలిగిపోయింది. మన పిల్ల ఊరికే ఉండక, ఇంకో పేజీ తిప్పి ఇచ్చింది. వాడు మళ్ళీ వేలు పెట్టి ఆ మొదటి పాఠమే గడగడ అప్పజెప్పాడు. తల్లికి చదువు రాదు కాబట్టి ఆమెకు తేడా తెలియలేదు. ఇంకా సంతోషపడింది. వాడికి మటుకు తెలుసు. మన పిల్ల వంక చూశాడట, చెప్పవద్దన్నట్లు. ఈమె చెప్పలేదు. ఫారంలో ‘చదువుతున్న పిల్లలు: ఒకరు’ అని రాసుకొని వచ్చేసింది.

‘వాడి చూపు నాకు ఇంకా కనిపిస్తా ఉండాది తాతా’ అంది. ఇంతకు మించి ఏమీ అనలేదు.

అలాంటి పిల్లలను చూడనివారు ఈ సభలోని ఉపాధ్యాయులలో ఎవరైనా ఉన్నారా? అది ఒక్క పల్లె సంగతి కాదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ పోయి పిల్లల చేత చదివించి చూసే ‘అసర్’ సర్వే చేస్తోంది. 2024 సర్వేలో దేశం మొత్తం మీద గ్రామాల్లోని 5వ తరగతి పిల్లలలో, 2వ తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 48.8 శాతం. అంటే సగానికి పైగా చదవలేకపోయారు. మన ప్రాంతంలో దీనికి ఇంకొక కారణం కూడా నేను చూశాను. బడులు జూన్ 12న తెరుస్తారు. బంగారుపాళ్యంలో అది తోతాపురి కాయల కాలం. మండీ దగ్గర రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు నిలబడి ఉంటాయి. తల్లిదండ్రులు తోపుల్లోనో, గుజ్జు ఫ్యాక్టరీల్లోనో ఉంటారు. చంటిపిల్లను చూసుకోవడానికి అక్క ఇంట్లో ఆగిపోతుంది. అక్షరాలు మళ్ళీ మొదలుపెట్టే నెలన్నర ఆ పిల్లకు పోతుంది. ఆ తరువాత పాఠం ముందుకు పోతూనే ఉంటుంది, ఈ పిల్ల ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది. ఒక్కరో ఇద్దరో టీచర్లు అయిదు తరగతులు చూసుకునే బడిలో ఆ పిల్ల పక్కన కూర్చోవడానికి మనిషేడీ?

నాలుగో కారణం వినండి. నాకు అన్నిటికంటె నచ్చింది ఇది. ‘బి.ఇడి. అంటే రెండేళ్ళు, ఫీజు. నాకు పిలకాయలతో ఓపిక ఉండాదో లేదో నాకే తెలీదు. చేరినాక లేదని తెలిస్తే ఏం చేసేది? ముందే చూసుకుంటే మేలు కదా’ అంది. ఇల్లు కొనేవాడు ఒక వానాకాలం ఆ ఇంట్లో అద్దెకుండి చూడాలంటారు, ఎక్కడెక్కడ కారుతుందో తెలియడానికి. మన కాలంలో మనకు ఆ అవకాశం లేదు. ఆర్డరు వచ్చింది, పెట్టె సర్దుకొని పోయాం. సరిపడినవారు సరిపడ్డారు. సరిపడనివారు కూడా ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. వారి చేతికింద చదివిన పిల్లల సంగతి ఏమిటని ఎవరూ అడగలేదు. ఇరవై ఏళ్ళ పిల్ల అంత ముందు చూపుతో మాట్లాడితే, పెద్దవాళ్ళం దాన్ని పిల్లచేష్ట అనడం నాకు నచ్చలేదు.

ఇక ఇంటివారి మాట. వారిది తీసిపారేయదగిన మాట కాదు. తండ్రి అడిగింది సూటిగా ఉంది: ‘జీతం ఇస్తారా? ఇయ్యరు. కంపెనీలో చేస్తే నాలుగు పనులు నేర్చుకుంటుంది, వాళ్ళే ఉద్యోగం ఇచ్చినా ఇస్తారు. బడిలో ఏమొస్తుంది?’ నిజమే. ఎక్కడైనా మంచి చోట, నేర్పించే మనిషి కింద, ఆడిటింగో ల్యాబు పనో దొరికి, పిల్లకు దాని మీద ఇష్టం ఉంటే అక్కడికే పంపండి. ఆ మాట నేను ఆయనకే చెప్పాను. కేవలం సంతకం కోసం, ‘బడిలో అయితే ఎవరూ అడగరు’ అని వచ్చే పిల్లలను మటుకు బడికి పంపవద్దు. అయిదో తరగతి పిల్లలు ఎవరి క్రెడిట్ల కోసమూ పుట్టలేదు.

తాతగారిది వేరే బాధ. ఆయన ఈ సభలోనే ఉన్నారు. కోపగించుకోరని నా ధైర్యం. ‘మనం పడింది చాల్లేదా? మనకు పెన్షనన్నా ఉండాది. 2004 సెప్టెంబరు తర్వాత చేరినోళ్ళకు సి.పి.ఎస్. ఈ పిల్లకు ఏముంటుంది?’ అన్నారు. ఇంకా అన్నారు: ‘1998లో డి.ఎస్సీ. రాసినోళ్ళ గతి చూడలేదా?’ చూశాం. 1998 డి.ఎస్సీ.లో అర్హత పొంది పోస్టు రాక వ్యాజ్యాలతో తిరిగినవారిలో చాలామందికి 2023లో కాంట్రాక్టు మీద మినిమం టైం స్కేలుతో ఉద్యోగాలు వచ్చాయి. మన సంఘంలో చేరవలసిన వయసులో వారు హాజరు పట్టీలో మొదటి సంతకం పెట్టారు. 2018 ప్రకటన తరువాత మళ్ళీ డి.ఎస్సీ. పరీక్ష జరిగి, ఉద్యోగాలు వచ్చింది 2025లో. అప్పుడు ప్రకటించిన పోస్టులు 16,347. మళ్ళీ ఎప్పుడో ఎవరు చెప్పగలరు? తాతగారి భయం లెక్క తెలిసిన మనిషి భయం. దాన్ని కాదనడానికి నేను ఇక్కడ నిలబడలేదు.

నేను ఆయనకు చెప్పింది ఒక్కటే. ఉద్యోగం సంగతీ, ఈ సెమిస్టరు సంగతీ రెండూ ఒకటి కాదు. ఉద్యోగం ఇచ్చేది, ఇవ్వనిది సర్కారు. ఈ నాలుగు నెలలు ఏ పని దగ్గర కూర్చోవాలో ఎంచుకునే వీలు మటుకు ఆ పిల్ల చేతిలో ఉంది. ఒక్కసారే ఉంది. పోతే మళ్ళీ రాదు.

ఇంకొక మాట చాలామంది అంటున్నారు. ‘ట్రైనింగు లేని పిల్ల పోయి ఏం నేర్పుతుంది? పాతికేళ్ళ సర్వీసున్న టీచర్లే నేర్పలేకపోతా ఉంటే?’ అని. దీనికి జవాబు మన నేల మీదే ఉంది.

మన జిల్లా 1911లో ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రంలోది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన 1953 దాకా మనం మద్రాసువాళ్ళమే. ఆ మద్రాసులో ఎగ్మూరు దగ్గర సైనికుల అనాథ పిల్లలకు ఒక ఆశ్రమం ఉండేది. 1789 నుంచి ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు దేశస్థుడు దాన్ని చూసుకునేవాడు. ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం ఆయన కంటబడింది. తన ఆశ్రమంలోనూ అలాగే చేయించమన్నాడు. అక్కడి టీచర్లు మొరాయించారు. అప్పుడు ఆయన ఒక పెద్ద పిల్లవాణ్ణి పిలిచి చిన్నపిల్లల చేత దిద్దించమన్నాడు. వాడు దిద్దించాడు. పిల్లలు నేర్చుకున్నారు. ఆయన ఇంగ్లండుకు తిరిగిపోయి 1797లో దాన్ని పుస్తకంగా వేస్తే, ‘మద్రాసు పద్ధతి’ అని అక్కడి బడుల్లోకి పోయింది. మన అరుగుబడిలో అయ్యవారు ఊళ్ళో లేనప్పుడు పెద్దపిల్లవాడు చిన్నవాళ్ళ చేత గుణింతం చెప్పించేవాడు కదా, దొర ఓడెక్కించి తీసుకుపోయింది దాన్నే. మనది మనకే తిరిగి అమ్మినవారు చాలామంది ఉన్నారు లెండి, ఆ కథ వద్దు.

ఇంకా దగ్గరికి రండి. మదనపల్లె పక్కన రిషివ్యాలీ ఉంది, అప్పటి మన చిత్తూరు జిల్లాలోనే. అక్కడి గ్రామీణ విద్యాకేంద్రంలో వై.ఎ. పద్మనాభరావు గారు, రమారావు గారు అనే దంపతులు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న ఏకోపాధ్యాయ బడులు పెట్టించారు. వాటిలో పాఠం చెప్పినవారు ఆ పల్లెల యువతీ యువకులే. పెద్ద చదువులు చదివినవారు కారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్ల మాదిరి గోడకు ఒక పట్టం వేశారు. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఆ పిల్లే చూసుకొని, ఆ కార్డు తీసుకొని కూర్చుంటుంది. నెల రోజులు బడి మానినా, తిరిగి వచ్చి ఎక్కడ ఆగిందో ఆ మెట్టు నుంచే ఎక్కుతుంది. తోతాపురి కాలంలో బడికి రాలేని మన పిల్లకు ఇంతకంటె ఏం కావాలి? ఈ పద్ధతిని చూసిపోయి కర్ణాటకవారు 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవన కోటలో ‘నలి-కలి’ అని మొదలుపెట్టారు. తమిళనాడు వారు 2003లో చెన్నై కార్పొరేషను బడుల్లో పెట్టి, ఆపైన రాష్ట్రమంతా పెట్టారు. మన పెరటి చెట్టు సంగతి అది.

ఇంకొకటి చెప్పి ముందుకు పోతాను. వడోదరలో, ముంబైలో 2001 నుంచి కొన్నేళ్ళు ‘బాలసఖి’ అనే ప్రయత్నం జరిగింది. స్కూలు చదువు పూర్తయిన స్థానిక యువతులకు రెండు వారాల శిక్షణ ఇచ్చి, వెనకబడిన పదిహేను ఇరవైమంది పిల్లలతో రోజుకు రెండు గంటలు కూర్చోబెట్టారు. పిల్లలు స్పష్టంగా మెరుగుపడ్డారు. దాన్ని కొలిచి చూసినవారిలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. 2019లో నోబెల్ బహుమతి పొందిన దంపతులు వారే. ఆ యువతులకు పెద్ద డిగ్రీలు లేవు. వారి చేతిలో ఉన్నదల్లా ఒక చిన్న గుంపు, ఒకే పని, రోజూ అదే వేళ.

మన సభ్యులకు 1990-91 గుర్తుండే ఉంటుంది. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత జిల్లా అయింది. ఆ గాలి మన వైపు కూడా వీచింది. చిత్తూరు జిల్లాలో అక్షర ఉద్యమం నడిచినప్పుడు రాత్రిపూట లాంతరు పట్టుకొని పల్లెలకు పోయినవాళ్ళం ఇక్కడ కనీసం పదిమందిమి ఉన్నాం. మన వెంట వచ్చిన వాలంటీర్లు ఎవరు? ఇంటరూ డిగ్రీ చదివే పిల్లలు. వారందరూ దేశసేవ కోసమే వచ్చారని నేను అనను. సర్టిఫికెట్ ఇస్తారని వచ్చినవారు ఉన్నారు. రేపు ఉద్యోగాల్లో చూస్తారన్న పుకారు నమ్మి వచ్చినవారు ఉన్నారు. రాత్రిపూట ఇంట్లో నుంచి బయటపడటానికి ఇదొక సాకు దొరికిందని వచ్చినవారూ ఉన్నారు. ఎందుకు వచ్చారన్నది ఒకటి, ఎందుకు నిలబడ్డారన్నది ఇంకొకటి. వేలిముద్ర వేసే ముసలమ్మ తన పేరు తాను పలక మీద రాసుకొని, దాన్ని చెరపనివ్వకుండా ఇంటికి పట్టుకుపోయిన రాత్రి తరువాత, సర్టిఫికెట్ సంగతి అడగడం మానేసిన కుర్రవాళ్ళను నేను ఎరుగుదును.

అందుకే ఆ పిల్ల కారణాలు కలగాపులగంగా ఉన్నాయని నేను బాధపడలేదు. బస్సు ఛార్జీ మిగులుతుందని పోయినా సరే, తాతను చూసి బస్టాండులో జనం లేచి నమస్కారం పెట్టడం చిన్నప్పుడు చూశాను, నాకూ అలా పెట్టాలని పోయినా సరే. అవును, ఆ కారణం కూడా చెప్పింది. ఈ కాలంలో ఎవరూ లేవరని నేను చెప్పలేదు. పోయి చూసుకుంటుంది.

ఒక భయం నాకుంది. దాన్ని దాచను. అయిదు తరగతులున్న చిన్న బడికి చదువుకున్న పిల్ల ఒకతె ఊరికే వచ్చిందంటే, రెండో వారానికి ఆమె చేతికి మూడు తరగతులు ఇచ్చి, అసలు టీచరు ఆన్‌లైన్ లెక్కలు ఎక్కించుకుంటూ కూర్చునే ప్రమాదం ఉంది. ఆ టీచరు చెడ్డవాడని కాదు. పై నుంచి అడిగే లెక్కలు అలా ఉన్నాయి. 1990ల చివర నుంచి విద్యా వాలంటీర్లని పేరుపెట్టి కొద్దిపాటి గౌరవవేతనంతో ఎంతమంది చేత టీచరు పని చేయించామో, తరువాత వారిని ఎక్కడ వదిలామో మనకు తెలుసు. ఇంటర్న్ అంటే ఖాళీ పోస్టుకు మాట్లు కాదు. నేర్చుకోవడానికి వచ్చిన మనిషి. ఆమె వెనక ఒక టీచరు ఉండాలి.

కాబట్టి ప్రధానోపాధ్యాయురాలి దగ్గరికి నేనూ తాతగారూ కలిసి పోయాం. అవును, ఆయన వచ్చారు. ఒప్పుకున్నానని ఇంకా అనలేదు, కాని వచ్చారు. ఆ మేడంగారు మంచి మనిషి. ముందు, ‘ఇంకొక రిజిస్టరు పెట్టాల్నా సార్?’ అని దిగులుపడ్డారు. తరువాత కూర్చొని మాట్లాడుకున్నాం. ఒప్పందం ఇది. పిల్లకు తరగతి అప్పగించరు. నాలుగు, అయిదు తరగతుల్లో చదవలేని పిల్లలను, ఎనిమిదిమందో పదిమందో, మధ్యాహ్న భోజనం తరువాత గంటన్నర ఆమె దగ్గర కూర్చోబెడతారు. వయసు చూడరు, తరగతి చూడరు, ఎక్కడ ఆగారో చూస్తారు. మొదటి రోజే ఒక్కొక్కరి చేత అక్షరం, మాట, వాక్యం, చిన్న కథ చదివించి తేదీ వేసి రాసుకోవాలి. నెలకొకసారి మళ్ళీ అలాగే. కాలేజీకి ఇచ్చే రిపోర్టు అదే. జాతి నిర్మాణం ఆ రిపోర్టులో అక్కర్లేదు. వారానికొక పూట టీచరు ఆమె పాఠం వెనక కూర్చొని చూస్తారు.

పొద్దుటి పూట ఆమె ఒకటో తరగతిలో కూర్చొని ఊరికే చూడాలి. ఈ ‘ఊరికే చూడటం’ దగ్గర తండ్రికి మళ్ళీ అనుమానం వచ్చింది. నేను చెప్పాను: ‘నాయనా, నీ మామిడి తోపులో పూత కాలంలో నువ్వు పొద్దున పోయి ఏం చేస్తావు?’ ‘చూస్తాను’ అన్నాడు. ‘ఏం చూస్తావు?’ ‘ఏ కొమ్మకు తేనెమంచు పురుగు పట్టిందో చూస్తాను’ అన్నాడు. ఆ తరువాత ఆయన ఇంక అడగలేదు.

కాలేజీకి సమ్మతి పత్రం ఈ నెలాఖరులోగా ఇవ్వాలి. తల్లి సరేనంది. తండ్రి, ‘తాత ఏమంటే అది’ అని తప్పుకున్నాడు. తాతగారు మన రెండో వరుసలో కూర్చొని ఉన్నారు. నేను ఆయన వంక చూడటం లేదు.

చివరిగా కొన్ని పనులు చెప్పి దిగిపోతాను. ఈ మండలంలో ఇలా బడికి పోవాలనుకునే డిగ్రీ పిల్లలు ఇంకా ముగ్గురు నలుగురు ఉన్నారని విన్నాను. మీ ఇళ్ళలో ఉంటే కార్యదర్శిగారికి చెప్పండి. ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క రిటైర్డు టీచరు తోడు ఉంటే బాగుంటుంది. వారానికొకసారి పోయి పలకరించడం, పాఠం ఎక్కడ ఇరుక్కుందో వినడం, అంతే. పెత్తనం చేయడానికి పోవద్దు, ఆ బడికి వేరే హెడ్మాస్టరు ఉన్నారు. ఉపాధ్యాయులు కానివారు, రెవెన్యూవారు, విద్యుత్తువారు, ఆర్టీసీవారు మాకేం పని అనుకోకండి. ఆర్టీసీ మిత్రులొకరు పాత టికెట్టు పుస్తకాలతో కూడికలు నేర్పవచ్చని నాతో అన్నారు. నాకు అది తోచనే లేదు.

ఆ పిల్ల అడిగిన వస్తువులు ఇవి: పలకలు పది, బలపాలు ఒక పెట్టె, అట్టముక్కలు, పెద్ద అక్షరాలున్న కథల పుస్తకాలు ఎన్ని దొరికితే అన్ని. ఇళ్ళలో అటకల మీద పాత చందమామలు ఉన్నవారు దుమ్ము దులిపి, చినిగిన పేజీలు అతికించి, సంక్రాంతిలోపల కోశాధికారిగారి ఇంట్లో ఇవ్వండి. తిరిగి కావాలనుకునేవారు లోపలి అట్ట మీద పేరు రాయండి. పిల్లలు వాటిని నలిపేస్తారన్న సంగతి మటుకు ముందే చెబుతున్నాను.

సెలవు.